పటంలో మన చెలకకు ఏ రంగు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరు 11న ఒకేరోజు జిల్లా కేంద్రాలయ్యాయి. అంతకు ముందు మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లా ఊళ్లే. 2011 జనగణనలో జనగామ జనాభా యాభై రెండు వేలు, మిగతా రెండింటిదీ నలభై వేల పైచిలుకు. కలెక్టరేట్ వస్తుందనగానే అలాంటి చిన్న ఊళ్ల శివార్లలో భూమి బేరం ఎకరాలు, గుంటలు వదిలి గజాల్లోకి దిగింది. అప్పటి నుంచి అమెరికాలో ఉన్న మన ఫోన్లకు వెంచర్ల బ్రోచర్లు వస్తూనే ఉన్నాయి. కలెక్టరేట్‌కు ఎంత దూరమో, హైవే ఎంత దగ్గరో, నాలా కన్వర్షన్ అయిందో లేదో అన్నీ అందులో ఉంటాయి. ఆ సర్వే నంబరు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్ కిందికి వస్తుందో మాత్రం ఉండదు. మనమూ అడగం.

ఇక్కడే పెద్ద గందరగోళం ఉంది. నాలా కన్వర్షన్ రెవెన్యూ శాఖ పని. 2006 నాటి చట్టం ప్రకారం ఫీజు కట్టించుకుని, సాగు భూమిని సాగేతర భూమిగా రికార్డుల్లో రాసుకుంటారు. రిజిస్ట్రేషన్ మరో శాఖది. ఎవరి నుంచి ఎవరికి అమ్ముడైందో అది నమోదు చేస్తుంది, అంతే. అక్కడ ఇల్లు కట్టవచ్చా, గోదాము కట్టవచ్చా, ఏమీ కట్టకూడదా అన్నది తేల్చేది టౌన్ ప్లానింగ్ విభాగం. మొదటి రెండు కాగితాలూ చేతిలో ఉండి, మూడోది లేక ఆగిపోయినవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. 2020లో ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్.ఆర్.ఎస్.) ప్రకటిస్తే రాష్ట్రమంతటా వచ్చిన దరఖాస్తులు పాతిక లక్షలు దాటాయి. అనుమతి లేని లేఅవుట్లలో ఎంతమంది డబ్బు ఇరుక్కుందో ఆ ఒక్క అంకె చెబుతుంది.

మాస్టర్ ప్లాన్ అంటే ఇరవై ఏళ్ల తర్వాత ఊరు ఎంత పెరుగుతుందో అంచనా వేసి, భూమి అంతటికీ రంగులు వేసిన పటం. మన దేశంలో సాధారణంగా పసుపు నివాసాలకు, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకు, పచ్చ పార్కులకు, సాగుకు. దీనికి మూలమైన పట్టణ ప్రణాళికా చట్టం 1920 నాటిది, మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది. నిజాం ఏలుబడిలోని మన ఊళ్లకూ దానికీ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. పేరు మార్చుకుంటూ వచ్చి ఈనాటికీ మనల్ని ఏలుతోంది.

చట్టం పాతదైనా పని చేస్తుంది కానీ, పటం పాతదైతే చిక్కే. పక్కనున్న వరంగల్‌నే చూడండి. 1970ల నాటి ప్లాన్‌తో దాదాపు అర్ధ శతాబ్దం నెట్టుకొచ్చింది. 2041 మాస్టర్ ప్లాన్‌కు ప్రభుత్వ ఆమోదం 2024 నవంబరులో గానీ దొరకలేదు. ఇన్నేళ్లు ఊరు ఆగదు కదా. పటంలో సాగు భూమిగా ఉన్నచోట కాలనీలు లేస్తాయి, ఇళ్ల జోన్‌లో రైసు మిల్లు నడుస్తుంది. ఈ ఎడాన్ని పూడ్చేందుకే భూ వినియోగ మార్పు అనే దారి ఉంది. నా లెక్కలో ఊరి రూపాన్ని నిర్ణయించేది ఇరవై ఏళ్లకోసారి అచ్చయ్యే పెద్ద పటం కాదు. మధ్యలో ఒక్కో సర్వే నంబరుకు విడివిడిగా వచ్చే ఈ మార్పు జీవోలే.

భూమి యజమాని మున్సిపాలిటీకి దరఖాస్తు పెడతాడు. కౌన్సిల్ తీర్మానం చేస్తుంది. ఫైలు టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ డైరెక్టర్ దగ్గరికి, అక్కడి సాంకేతిక అభిప్రాయంతో పురపాలక శాఖకు వెళుతుంది. ప్రభుత్వం సమ్మతిస్తే మార్పు ముసాయిదాను గెజెట్‌లో, పత్రికల్లో ప్రకటించి, అభ్యంతరాలకు సాధారణంగా పదిహేను రోజులు ఇస్తుంది. అవి పరిశీలించి, చార్జీలు కట్టించుకుని, తుది జీవో ఇస్తుంది. కాగితం మీద ఇదంతా చక్కగానే ఉంది. కాకపోతే ఆ పదిహేను రోజుల ప్రకటన పేపర్లో ఏ మూలనో చిన్న అక్షరాల్లో వస్తుంది. పొరుగు చేనువాడికే తెలియదు, పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఉన్న మనకేం తెలుస్తుంది? పైగా 2020లో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2025 జనవరిలో ముగిసి, పాలన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లింది. ఆ కాలంలో తీర్మానం మీద అడ్డు ప్రశ్న వేసే వార్డు సభ్యుడు కూడా లేడు.

పటం మొత్తాన్నీ ఒకేసారి మార్చబోతే ఏమవుతుందో కామారెడ్డిలో చూశాం. 2022 నవంబరులో ముసాయిదా వెలువడింది, అభ్యంతరాలకు రెండు నెలల గడువు. తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో, వంద అడుగుల రోడ్ల కింద ఉన్నాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులకు ఆలస్యంగా తెలిసింది. ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. జనవరిలో కలెక్టరేట్ ముట్టడి జరిగింది. జగిత్యాలలోనేమో రిక్రియేషన్ జోన్ మీద గొడవ. 2023 జనవరి 20న రెండు కౌన్సిళ్లూ ముసాయిదాల రద్దుకు తీర్మానించాయి. అది ముసాయిదానే, భూసేకరణ కాదని అధికారులు చెప్పిన మాట నిజమే. జోన్ మారినంత మాత్రాన పొలం పోదు, సాగు చేసుకోవచ్చు. కానీ పరిశ్రమల రంగు పడ్డ పొలంలో ఇళ్ల లేఅవుట్‌కు అనుమతి రాదు. రోడ్డు గీత పడితే, రేపు కట్టుకునేటప్పుడు ఆ మేర స్థలం వదలాలి. బిడ్డ పెళ్లికో, చదువుకో అరెకరం అమ్ముకుందామనుకున్న రైతుకు ముసాయిదాకూ తుది ప్లాన్‌కూ తేడా చెప్పి ఓదార్చలేం.

మన మూడు ఊళ్లలో దేని చిక్కు దానిది. జనగామ హైదరాబాద్–వరంగల్ హైవే మీద ఉంది, సూర్యాపేట–సిద్దిపేట రోడ్డు కూడా అక్కడే కలుస్తుంది. అక్కడ ఒత్తిడంతా రోడ్ల వెంటే. మహబూబాబాద్‌ను రైలు పట్టాలు రెండు ముక్కలు చేస్తాయి. ఆ జిల్లాలోనే గూడూరు, కొత్తగూడ, బయ్యారం వైపు ఏజెన్సీ మొదలవుతుంది. అక్కడ 1/70 చట్టం ముందు ఏ జోనూ నిలవదు. గిరిజనేతరుల పేరున భూమి మారడానికే వీల్లేదు.

అన్నిటికన్నా విచిత్రమైన సంగతి భూపాలపల్లిది. కింద బొగ్గు, పైన ఊరు. సింగరేణి గనుల కోసం కేంద్రం 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద భూమి సేకరించగలదు. మున్సిపాలిటీ పసుపు రంగు వేసినా, కేంద్ర చట్టం కింద నోటిఫికేషన్ వస్తే ఆ రంగుకు విలువ లేదు. ఒకపక్క చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం, మరోపక్క ఓపెన్‌కాస్ట్ మట్టి దిబ్బలు. ఊరు ఎటు పెరగాలన్నది ఇరవై ఏళ్ల అంచనా కన్నా బొగ్గు పొర ఎటు వాలిందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. అక్కడ ప్లాటు కొనేవాళ్లు మున్సిపల్ పటం ఒక్కటే చూస్తే చాలదు.

మూడు చోట్లా ఉన్నవి చెరువులు. కట్టడాల నియమాలు చెప్పిన 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటల నుంచి 9 మీటర్లు వదలాలి. చెరువు నీరు పరుచుకునే శిఖం భూమి వానలు లేని కాలంలో మైదానంలా కనిపిస్తుంది. మనం సెలవులకు డిసెంబరులో వెళ్లి చూసివస్తాం. చూడాల్సింది ఆగస్టులో.

మనం ఉంటున్న చోట పద్ధతి వేరు. టెక్సస్‌లో జోనింగ్ మార్చాలంటే 200 అడుగుల లోపు యజమానులకు, విచారణకు కనీసం పది రోజుల ముందు ఇంటికి ఉత్తరం పంపాలి. కాలిఫోర్నియా చట్టం ఊరి జనరల్ ప్లాన్‌లోని ఒక్కో తప్పనిసరి భాగాన్ని ఏడాదికి నాలుగుసార్లకు మించి సవరించవద్దంటుంది. ఇక్కడా బిల్డర్లు లాయర్లను పెట్టుకుని గెలుస్తూనే ఉంటారు, స్వర్గమేమీ కాదు. కానీ ఉత్తరం వస్తుంది. మన మున్సిపాలిటీలు పొరుగు పట్టాదారు ఫోనుకు ఒక మెసేజ్ పంపితే చాలు. ఆస్తి పన్ను బాకీకి పంపుతున్నవే కదా.

అది జరిగేదాకా మన జాగ్రత్త మనదే. బయానా ఇచ్చే ముందు ఆ సర్వే నంబరుకు భూ వినియోగ ధ్రువపత్రం అడగండి. అమ్మేవాడు ‘త్వరలో రెసిడెన్షియల్ అవుతుంది’ అంటే తుది జీవో నంబరు అడగండి. ముసాయిదా చూపిస్తే బేరం అక్కడే ఆపండి. ఊళ్లో భూమి ఉన్నవాళ్లు ముసాయిదా ప్రకటనల మీద కన్నేసి ఉంచమని అక్కడి వాళ్లెవరికైనా అప్పగించండి. అభ్యంతరం రాయాల్సి వస్తే సర్వే నంబరు, ప్రకటన తేదీ, ఇప్పుడా భూమిలో ఏముందో, మార్పు వల్ల నష్టమేమిటో ఒక్క పేజీలో రాసి, పట్టా నకలు జతచేసి, గడువులోపు అందజేయించండి. ఇచ్చి వచ్చేస్తే కుదరదు, రెండో ప్రతి మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకోవాలి.