పాత్రలకు గొంతు ఎక్కడిది?

కన్యాశుల్కం చదువుతుంటే గిరీశం మాట్లాడుతున్నట్టే వినపడుతుంది. పుస్తకంలో ఉన్నవి అక్షరాలే. ఆ గొంతు, ఆ ధీమా మనలోనే పుడతాయి. రాసేవాళ్ల సంగతి ఇంకా చిత్రం. పాత్ర తమ మాట వినడం లేదనీ, తాము అనుకున్న దారిన కథ నడవనివ్వడం లేదనీ అంటుంటారు. అది గొప్పలకు చెప్పే మాట కాదని పరిశోధనలు చూస్తే నమ్మకం కలుగుతుంది.

అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో మార్జరీ టేలర్ చిన్నపిల్లల ఊహా స్నేహితుల మీద చాలాకాలం పనిచేశారు. పిలిస్తే రాని, ఎదురు చెప్పే స్నేహితులు! తామే సృష్టించుకున్న వాళ్ల మీద పిల్లలు ఫిర్యాదు కూడా చేస్తారు. రచయితలదీ ఇదే అనుభవమా అని ఆమె బృందం 50 మంది కథకులను అడిగింది. 92 శాతం మంది ఎంతో కొంత అవునన్నారు. 2003లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. తర్వాత ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం వారు 181 మంది రచయితలను అడిగితే, 63 శాతం మంది పాత్రల గొంతులు తమకు వినపడతాయని చెప్పారు.

దీనికి మూలం బాల్యంలో ఉందని నా నమ్మకం. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ విగోత్‌స్కీ చెప్పినదాని ప్రకారం పిల్లలు ముందు ఇతరులతో మాట్లాడతారు, ఆపైన ఆడుకుంటూ తమలో తాము పైకే మాట్లాడుకుంటారు, చివరికి ఆ మాటలు లోపలికి వెళ్లి ఆలోచనగా మారతాయి. అంటే మన ఆలోచన పుట్టుకే సంభాషణ. అందులో ఎదుటి మనిషికి చోటు మొదటినుంచీ ఉంది. ఆ చోట్లోనే పాత్ర వచ్చి కూర్చుంటుంది. 2016లో డరమ్ పరిశోధకులు మెదడు స్కానింగ్ చేసి చూస్తే, మనసులో ఇద్దరి సంభాషణ ఊహించేటప్పుడు మాటకు సంబంధించిన భాగాలతో పాటు, ఎదుటివారి మనసును అంచనా వేసేటప్పుడు పనిచేసే ప్రాంతం కూడా చురుకైంది.

మరి పాత్ర మొండికేయడం ఎందుకు? సాధన వల్ల అంటారు టేలర్. కల్పనస్వరం పాడే విద్వాంసురాలు ఒక్కో స్వరాన్నీ వెతుక్కోదు, అది వచ్చేస్తుంది. పాత్ర స్వభావాన్ని ఏళ్ల తరబడి ఊహించిన రచయితకూ అంతే. శ్రమ తెలియదు కాబట్టి, వచ్చిన మాట తనది కాదనిపిస్తుంది.

పోర్చుగీసు కవి ఫెర్నాండో పెసోవా దీన్ని ఎక్కడిదాకా తీసుకెళ్లాడో చూడండి. అల్బెర్తో కాయిరోకు పెద్ద చదువు లేదు, పల్లెలో బతికాడు. రికార్దో రైష్ వైద్యుడు. ఆల్వరో ద కాంపుష్ గ్లాస్గోలో చదివిన నౌకా ఇంజనీరు. ముగ్గురూ ఊహామనుషులే! ఒక్కొక్కరికీ పుట్టినరోజు, రూపురేఖలు, జాతకం కల్పించి, ముగ్గురి చేతా మూడు తీరుల కవిత్వం రాయించాడు. పైగా కాయిరోను తన గురువన్నాడు. చనిపోయిన సంవత్సరం, 1935 జనవరిలో, మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఇదంతా స్వయంగా వివరించాడు. తాను కల్పించిన మనిషి దగ్గర తానే నేర్చుకోగలగడం మనిషి మెదడు చేసే మహాద్భుతాల్లో ఒకటి.

ఈ అనుభవాన్ని జబ్బుగా చూడకూడదు. ఆ గొంతు తన ఊహే అని రచయితకు తెలుసు. భయపెట్టే, ఆజ్ఞలు వేసే, బయటినుంచే వస్తున్నాయనిపించే గొంతుల సంగతి వేరు. మీకో, మీ ఇంట్లోవాళ్లకో అలా వినపడుతుంటే సిగ్గుపడి దాచుకోకండి, మానసిక వైద్యులను కలవండి. టెలి మానస్ ఉచిత సహాయ నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.