ఇంటికి తగిన రౌటరు

వెనుక గదిలోని విద్యార్థికి ఆన్‌లైన్ పాఠం నడుమ ఆగిపోతుంది. ముందు గదిలోని టీవీలో మాత్రం సినిమా నిరాటంకంగా సాగుతుంటుంది. ఇట్టి స్థితికి అనేక గృహాలలో రౌటరు ఎంపికే కారణం. తీగ ద్వారా ఇంటికి చేరిన అంతర్జాల సమాచారాన్ని రేడియో తరంగాల రూపంలో గదులకు అందించే సాధనమే రౌటరు.

కొనేవారు సాధారణంగా పెట్టెపై ముద్రించిన వేగాన్నే చూస్తారు. 1200 మెగాబిట్లు అన్న అంకె రెండు తరంగపట్టీల గరిష్ఠ వేగాల మొత్తం మాత్రమే. ఇంటి కనెక్షను 100 మెగాబిట్లదైతే ఎంత ఖరీదైన రౌటరైనా అంతర్జాలం నుండి అంతకుమించి తేలేదు.

మొదట పరిశీలించవలసినవి గోడలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలను దాటి కొంత దూరం పోగలవు. అయితే పొరుగిళ్ళ రౌటర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు సైతం ఆ పట్టీలోనే ఉండటం వలన అక్కడ రద్దీ అధికం. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో సమాచారం వేగంగా సాగుతుంది కాని, మందపాటి గోడ అడ్డుపడగానే తరంగం క్షీణిస్తుంది. కనుక రెండు పట్టీలూ గల రౌటరును కొని, ఇంటి నడుమ ఎత్తైన చోట అమర్చాలి. అలమరలో దాచరాదు. పాత మండువా లోగిలి వంటి ఇంట్లోనైతే వెనుక గదికి తీగ లాగి, అక్కడ మరొక చిన్న పరికరాన్ని ఉంచటమే మేలు.

ఇక భద్రత. తొలినాటి డబ్ల్యు.ఇ.పి. రక్షణ విధానంలోని లోపాలు 2001లోనే బయటపడ్డాయి. 2018లో వెలువడిన డబ్ల్యు.పి.ఎ.3 విధానం గల రౌటరును ఎంచుకోవటం ఉత్తమం. తయారీ సంస్థ సాఫ్ట్‌వేరు సవరణలను ఎన్నేళ్ళు అందిస్తుందో కూడా విచారించాలి. దుకాణంలో ఈ సంగతి తమంతట తాము చెప్పేవారు అరుదు. రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చాలి.