ఒక కబడ్డీ జట్టు, దాని ఓటముల లెక్క

చిత్తూరు, తిరుపతి ప్రాంతములందు చెడుగుడు నెరుగని బాలుడుండడు. కోత ముగిసిన మడిలో గాని, ఏటి యిసుకలో గాని ఒక గీత గీచినచో చాలును. బంతి యక్కరలేదు, కఱ్ఱ యక్కరలేదు, కాసు ఖర్చు లేదు. ఈ యాటయే కబడ్డీ యను పేర 1936 లో బెర్లిను ఒలింపిక్ క్రీడల సమయమున ప్రదర్శింపబడినది. 1990 లో బీజింగు ఆసియా క్రీడలందు పతకములు గల పోటీగా చేర్చబడినది. 2014 జూలై 26 వ తేదీని ప్రో కబడ్డీ లీగు ప్రారంభము కాగా, కప్పు క్రింద, దీపముల వెలుతురున, చాపవంటి మెత్తని మ్యాటుపై ఆడు జీతపు క్రీడ యైనది.

ఇట్టి మార్పు మన యాటకు మాత్రమే కలిగినది కాదు. ఉత్తర అమెరికా ఆదిమజాతులవారు వల గల కఱ్ఱలతో బంతిని విసరుచు బయళ్లలో ఆడుచుండిన లాక్రోస్ అను ఆట, 1930 తరువాత కెనడాలో మంచు హాకీ మందిరములలోనికి వచ్చి, 1987 లో వృత్తిలీగు గల గృహాంతర క్రీడ యైనది. పల్లెబయలు విడిచి మందిరము చేరిన యాటకు గడియారము, పట్టిక, వేలము అను మూడును తోడగును. ఈ మూడింటిలో పట్టికను గూర్చియే మేమిచ్చట ముచ్చటింపదలచితిమి.

మన పాఠశాలలో కొందరు చిరంజీవులు తెలుగు టైటన్స్ జట్టు నభిమానింతురు. "మన జట్టు ఏండ్ల తరబడి ఓడుచునేయుండెను గదా, అట్టి జట్టును పట్టుకొని యుండుట యెందుకు?" అని తోటివారు వారిని పరిహసించుట మేము వింటిమి. ఆ ప్రశ్నకు కోపముతో గాక లెక్కతో జవాబు చెప్పుట మంచిదని తోచినది.

మొదట ఆటలోని లెక్కను తెలియవలెను. పదుమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల బరిలో ఒక్కొక్క జట్టున ఏడుగురు నిలుతురు. ఆట నలువది నిమిషములు. ఇరువది నిమిషములకొక విరామము. కూతకు పోవువాడు ముప్పది సెకండ్లలోపల ఎదుటివారిని తాకి తన గీత చేరవలెను. తాకిన ప్రతివానికి ఒక పాయింటు. అతనిని పట్టి నిలిపినచో పట్టినవారికి ఒక పాయింటు. ఒక జట్టువారందరును వెలుపలికి పోయినచో ఎదుటివారికి అదనముగా రెండు పాయింట్లు వచ్చును. కావున ఇద్దరే మిగిలిన జట్టుపై ఒక్క కూతలో ఆ ఇద్దరిని తాకి వచ్చినవాడు తన జట్టుకు నాలుగు పాయింట్లు తెచ్చును. నాలుగైదు పాయింట్ల ఆధిక్యము ఈ యాటలో నిలుకడగల సొత్తు కాదు. ఒక్క కూతలో కరగిపోవును.

లీగు పట్టికలో 2024 వరకు వేరొక లెక్క యుండెను. గెలిచిన జట్టుకు 5, సమముగా ముగిసినచో చెరి 3, ఏడు పాయింట్లు గాని అంతకు తక్కువగా గాని తేడాతో ఓడిన జట్టుకు 1 చొప్పున ఇచ్చుచుండిరి. కొలదిలో ఓడినవానికిని చిన్న కూలి దక్కుచుండెనన్న మాట.

ఇక టైటన్స్ వారి కథ. 2015 లో ఈ జట్టు మూడవ స్థానమున, 2016 లో ఒక పోటీయందు నాలుగవ స్థానమున నిలిచినది. రాహుల్ చౌదరి కూతకు బయలుదేరినచో ప్రేక్షకులు లేచి నిలుచుచుండిరి. పిమ్మట దుర్దినములు వచ్చినవి. కోవిడ్ కారణమున 2021 డిసెంబరు 22 మొదలు 2022 ఫిబ్రవరి వరకు పోటీలన్నియు బెంగుళూరు వైట్‌ఫీల్డులోని ఒక హోటలు మందిరమునందే, ప్రేక్షకులు లేకుండ జరిగినవి. పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా బెంగుళూరికి పోవు మనవారికి ఆ చోటు నగరమునకు ఈవలి వైపుననే యున్నది. ఐనను తలుపులు మూసియుండుటచే చప్పట్లు కొట్టుటకు ఎవరికిని వీలులేకపోయెను. అదే జనవరిలో తిరుపతి ఇందిరా మైదానమున జాతీయస్థాయి కబడ్డీ పోటీలు జరుగుట మనవారికి కొంత ఊరట.

తొలినాడు తమిళ్ తలైవాస్ జట్టుతో 40-40 గా ఆట సమమయ్యెను. ముఖ్యుడైన సిద్ధార్థ్ దేశాయి ఆరంభదినములలోనే గాయపడెను. ఇరువదిరెండు ఆటలలో జట్టు గెలిచినది ఒక్కటే: జనవరిలో జైపూర్ పింక్ పాంథర్స్ పై 35-34. నాలుగు సమములు, పదునేడు ఓటములు. పండ్రెండు జట్లలో కడపటి స్థానము.

ఇప్పుడు పట్టికను చూడుడు. ఆ యేడు జట్టుకు వచ్చినవి 27 పాయింట్లు. గెలుపునకు 5, నాలుగు సమములకు 12, వెరసి 17. మిగిలిన 10 ఎక్కడివి? పదునేడు ఓటములలో పది ఏడు పాయింట్లలోపు తేడాతో వచ్చినవి గనుక ఆ పది దక్కినవి. "పదునేడు మారులు ఓడిరి" అన్నది నిజమే. "పదిమారులు గెలుపునకు దాపున నిలిచి ఓడిరి" అన్నదియు నిజమే.

మరుసటి పోటీలో, అనగా 2022 అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, జట్టు రెండు ఆటలు గెలిచెను. గెలుపులు మాత్రమే లెక్కించువాడు జట్టు మెరుగుపడినదనును. కాని ఇరువది ఓటములలో కొలదిలో ఓడినవి ఐదే. వెరసి 15 పాయింట్లు. గెలుపు లొకటి పెరిగినవి, జట్టు మాత్రము వెనుకకు పోయెను. 2023 లో పవన్ సెహ్రావత్ ను వేలమున రెండుకోట్ల అరువదిలక్షల ఏబదివేల రూపాయలకు కొనిరి. అంతకుముందు ఆ లీగులో ఎవనికిని అంత ధర పలుకలేదు. ఆయన 200 కు పైగా కూత పాయింట్లు తెచ్చెను. ఐనను జట్టు గెలిచినవి రెండే, ఒకటి సమము, పందొమ్మిది ఓటములు, 21 పాయింట్లు. ఏడుగురి యాటను ఒక్కని భుజము మోయజాలదని ఇంతకన్న స్పష్టముగా చెప్పు పాఠ్యపుస్తకము మాకు కనబడలేదు. మూడేండ్లలో అరువదియారు ఆటలు, ఐదు గెలుపులు, ఐదు సమములు, ఏబదియారు ఓటములు!

2024 లో ఆశ్చర్యకరముగా పవన్ నడుమనే గాయపడి తప్పుకొనినను, విజయ్ మాలిక్ మొదలైనవారు బరువును పంచుకొనగా, జట్టు పండ్రెండు ఆటలు గెలిచి 66 పాయింట్లతో ఏడవ స్థానమున నిలిచెను. పైమెట్టు కెక్కుటకు ఆరవ స్థానము కావలెను. ఒక్క మెట్టు తక్కువాయెను. 2025 ఆగస్టు 29 న విశాఖపట్టణమున, స్వజనుల యెదుట, తొలియాట 35-38 గా ఓడిరి. ఐనను ఆ యేడు పైమెట్లెక్కి, తుదిపోటీకి ఒక్క ఆట దూరమున పుణేరి పల్టన్ చేతిలో ఆగిరి.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. 2025 నుండి లీగువారు లెక్కను మార్చిరి. గెలిచినవానికి 2, ఓడినవానికి సున్న. ఎంత కొలదిలో ఓడినను పట్టిక దానిని గుర్తింపదు. "లోకము తీరు ఇట్టిదే గదా" అని కొందరందురు. నిజమే, పరీక్షలోను ముప్పదినాలుగు మార్కులవాడును, నాలుగు మార్కులవాడును తప్పినవారి జాబితాలోనే యుందురు. కాని పట్టిక మరచిన తేడాను గురువును, తలిదండ్రులును మరువవలసిన పనిలేదు. ఆ ఇద్దరికి చేయవలసిన సాయము వేరువేరు. ఒకనికి కొంచెము ధైర్యము చాలును. మరొకనికి మొదటినుండి పాఠము చెప్పవలెను. అట్లే కొలదిలో ఓడితిమని సంతోషించి ఊరకుండుటయు తప్పే. అది గెలుపు కాదు, ఎచ్చట జారితిమో చూపు గురుతు మాత్రమే.

మా చిన్నతరగతుల జట్టు గతసంవత్సరము పొరుగు పాఠశాలవారితో ఓడి, ఇంటికి వచ్చుదారిలో ఒకనితో నొకడు మాటాడలేదు. ఇద్దరు బాలురు తరువాత బరిలోనికి రానేలేదు. మేము ఆటల పుస్తకమున "ఓటమి" అని మాత్రము వ్రాసి మూసితిమి. అది మా పొరపాటు. ఇకమీదట ఎంత తేడాతో, ఏ నిమిషమున, ఎవరు వెలుపలనుండగా ఓడితిమో వ్రాయుదము. ఆ ఇద్దరు బాలురకు ఆ పుటను చూపి మరల పిలువనెంచితిమి.