తోతాపురి టన్నెంత? తెర మీద వార్త తేల్చి చెప్పాలి

చిత్తూరు జిల్లా మామిడి రైతుల గొడవ 2025 వేసవి చివర అందరి ఫోన్లలోకీ ఎక్కింది. పత్రిక కోసం రాసే అలవాటుతోనే ఆన్‌లైన్‌కూ రాస్తే పాఠకుడు ఎక్కడ జారిపోతాడో చూడటానికి ఆ సీజన్ మంచి పాఠం.

బంగారుపాళ్యం చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే దారిలో, చెన్నై-బెంగళూరు రహదారి మీద ఉన్న మండల కేంద్రం. 2025 జులై 9న మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్ రెడ్డి మామిడి రైతులను కలవడానికి ఇక్కడి మార్కెట్ యార్డుకు వచ్చారు. రోడ్డు మీద పారబోసిన తోతాపురి రకం మామిడికాయల వీడియోలు చేతులు మారాయి. ధర లేక కడుపు మండి పోశారని ఒక పక్షం, కావాలనే పోయించారని మరో పక్షం వాదించాయి. కాయలైతే అందరికీ కనిపించాయి. ధర ఎంత, ఎవరివ్వాలి, ఎవరివ్వలేదు అన్న లెక్క మాత్రం వీడియోలో ఉండదు. దాన్ని అక్షరాల్లోనే చెప్పాలి.

ఆగని వేలు

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఊరి వార్త ఊరివాళ్ల కోసమే రాయడం తెలుగు విలేకరులకు అలవాటైంది. ర్యాంపు అంటే మామిడి కొనే చోటని చిత్తూరు పేజీ చదివేవారికి విడమరచనక్కర్లేదు. అదే వార్త ఆన్‌లైన్‌లో కువైట్‌లోనో, హైదరాబాద్‌లోనో తెరుచుకుంటుంది. చుట్టూ జిల్లా పేజీ ఉండదు, నిన్నటి వార్త గుర్తుండదు. అందుకే ఊరెక్కడుందో, ర్యాంపంటే ఏమిటో అర వాక్యంలో చెప్పి ముందుకు సాగాలి.

పైగా తెర మీద జనం చదివేది తక్కువ, కళ్లతో తడిమేది ఎక్కువ. వెబ్ వాడుక నిపుణుడు జాకబ్ నీల్సన్ 1997లో చేసిన పరిశీలనలో 79 శాతం మంది కొత్త పేజీని మాట మాటా చదవకుండా పైపైన తడిమి చూశారు. 2006లో 232 మంది కంటి కదలికలను గమనిస్తే, చూపు పై వరుసల మీద, ఎడమవైపు మొదటి మాటల మీదే ఎక్కువగా నిలిచింది.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అసలు చిక్కు అక్కడే. డెస్కులో తయారయ్యే మామూలు లీడ్ ఇలా ఉంటుంది: ‘తోతాపురికి కిలోకు రూ.8 చెల్లించాలని ప్రభుత్వం ఆదేశించినా గుజ్జు పరిశ్రమలు పట్టించుకోకపోవడంతో ర్యాంపుల వద్ద ట్రాక్టర్లతో పడిగాపులు కాస్తున్న రైతులు ఆందోళన వ్యక్తం చేస్తున్నారు.’ క్రియ దాకా వచ్చేసరికి వేలు కింది వార్త మీదికి పోతుంది.

దీన్నే విడగొడితే: ‘తోతాపురి రైతుకు కిలోకు రూ.12 అందాలి. ఇందులో రూ.8 ఫ్యాక్టరీ, రూ.4 ప్రభుత్వం ఇవ్వాలి. ఫ్యాక్టరీ వాటా రావడం లేదని రైతులు అంటున్నారు.’ మూడు వాక్యాలు, మూడు క్రియలు. ఎక్కడ ఆగినా ఎంతో కొంత చేతికొస్తుంది.

కిలోనా, క్వింటాలా?

2025 జులైలోనే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 1.62 లక్షల టన్నుల తోతాపురికి క్వింటా రూ.1,490.73 ధర ఆమోదించింది. ఖర్చును కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించాలని అప్పుడు నిర్ణయించారు. రాష్ట్రం కిలోల్లో చెప్పింది, కేంద్రం క్వింటాళ్లలో చెప్పింది, రైతు టన్నుల్లో మాట్లాడతాడు. కిలోకు దాదాపు రూ.14.91, అంటే టన్నుకు రూ.14,907 అని విలేకరే లెక్కకట్టి రాస్తే పాఠకుడికి ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచే పని తప్పుతుంది.

‘మామిడి రైతులకు భారీ షాక్’, ‘కేంద్రం సంచలన నిర్ణయం’ లాంటి హెడ్డింగులు నొక్కించగలవు. వాట్సాప్ గ్రూపులో మాత్రం చాలామంది లింకు తెరవకుండా హెడ్డింగునే ముందుకు పంపేస్తారు. ‘తోతాపురికి క్వింటా రూ.1,490: కేంద్రం ఆమోదం’ అని పెడితే, తెరవని వాళ్లకూ సరైన కబురే చేరుతుంది.

వెతుకులాట సంగతీ ఉంది. ఈ ఊరిని బంగారుపాళ్యమనీ, బంగారుపాళెమనీ, బంగారుపాలెమనీ రాస్తారు. హెడ్డింగులో ఒకటి, వార్తలో మరొకటి సహజంగా వాడితే ఎవరెలా టైప్ చేసినా దొరికే అవకాశం పెరుగుతుంది. అలాగే ప్రతి వార్తలో నేపథ్యమంతా మళ్లీ రాయక్కర్లేదు. పొరుగు రాష్ట్రాల తోతాపురి రాకుండా జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం ఆపడం, దానిపై కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఏపీ ముఖ్యమంత్రి చంద్రబాబుకు లేఖ రాయడం ఒక్క వాక్యంలో చెప్పి, పాత కథనం లింకు ఇస్తే చాలు.

ఆ పాత కథనానికీ పని ఉంది. అచ్చయిన పేపరు మర్నాటికి పొట్లం కాగితమవుతుంది, ఆన్‌లైన్ వార్త తేదీ కనపడకుండా ఏళ్ల తరబడి తిరుగుతుంది. ధర మారినప్పుడు పాత వార్త పైన ‘ఇది 2025 జూన్ నాటి ధర, తాజా ధర ఇక్కడ’ అని ఒక వరుస చేర్చడం డెస్కుకు రెండు నిమిషాల పని. అది చేయకపోతే, తర్వాతి సీజన్‌లో ట్రాక్టరు మీద కూర్చుని ఫోన్‌లో ధర వెతికే రైతుకు పాత 12 రూపాయలే ముందు కనిపించవచ్చు.