క్యూ పొడవు, క్యూ కదలిక

బ్యాంకు కౌంటరు నాకు నేర్పిన పాఠం ఒకటుంది. క్యూ పొడవుగా ఉందంటే జనం ఎక్కువని మాత్రమే కాదు, పని నెమ్మదిగా సాగుతోందని కూడా.

అమెరికాలో డిస్నీలాండ్ 1955 జూలై 17న మొదలైంది. ఆనాటి 'పీటర్ పాన్స్ ఫ్లైట్' ముందు నేటికీ పెద్ద క్యూ. పైపట్టాకు వేలాడే బుల్లి ఓడలో ఇద్దరు ముగ్గురే ఎక్కుతారు. కాళ్ల కింద లండన్ దీపాలు మెరుస్తాయి. మూడు నిమిషాల్లోపే దిగాలి!

1967లో వచ్చిన 'పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్' పడవలో ఇరవై మంది దాకా పడతారు. అక్కడ క్యూ పొడవున్నా చకచకా కదులుతుంది.

అయినా బుల్లి ఓడకు ఆదరణ తగ్గలేదు. చిన్నప్పుడు ఎక్కినవారే మనవల చెయ్యి పట్టుకుని వస్తున్నారు. క్యూను ఏళ్ల తరబడి నిలిపేది ఆ జ్ఞాపకమే.

పిల్లలతో ఇలాంటి చోటికి వెళితే, నెమ్మదిగా కదిలే క్యూలో పొద్దున్నే నిలబడండి. చకచకా కదిలేదాన్ని మధ్యాహ్నానికి ఉంచుకోండి.