నిద్రయందు శ్వాసావరోధము

తరగతిలో కునుకుపాట్లు పడు బాలుని జూచినపుడు ఉపాధ్యాయులమైన మాకు మొదట తోఁచునది "వీఁడు సోమరి" యను మాట. కొన్ని సంవత్సరముల క్రిందట మేమును ఒక బాలుని అట్లే తలఁచి, పాఠము ముగియువఱకు నిలువఁబెట్టితిమి. వాఁడు నిలుచుండియే కన్నులు మూసెను. పిమ్మట వాని తల్లి వచ్చి, "పంతులుగారూ, రాత్రియంతయు గుఱ్ఱుపెట్టి హాయిగా నిద్రించునే! మరల పగటినిద్ర యేల?" అని యడిగెను. నాఁడు మేము బదులు చెప్పలేకపోతిమి. వైద్యుఁడు చెప్పిన పిదప తెలిసికొన్న సంగతులను ఇచట విన్నవించుచున్నాము.

మేలుకొనియున్నపుడు గొంతులోని కండరములు శ్వాసమార్గమును తెఱచియుంచును. నిద్రలో నవి సడలును. అపుడు కొందఱికి నాలుక మొదలును, మెత్తని అంగిలియు వెనుకకు జాఱి మార్గమును ఇఱుకు చేయును. ఆ యిఱుకున గాలి పోవుచుండఁగా అంగిలి మున్నగునవి యదరుటచే కలుగు ధ్వనియే గురక. మార్గము పూర్తిగా మూసికొన్నచో ధ్వనియు నుండదు, గాలియు నాడదు. ఱొమ్ము మాత్రము పెనఁగులాడుచుండును. అంతట మెదడు నిద్రను చెఱచి కండరములను బిగించును. నిద్రించువాఁడు ఉలికిపడి, గట్టిగా ఊపిరి పీల్చి, మరల నిద్రించును. ఉదయమున వానికిది జ్ఞాపకముండదు. ఈ వ్యాధిని స్లీప్ ఆప్నియా యందురు. పెద్దలలో 10 సెకండ్లకు తక్కువ గాకుండ ఊపిరి నిలిచినచో దాని నొక అవరోధముగా లెక్కింతురు. ఇట్టివి గంటకు 30 పర్యాయములును, అంతకు మించియు కలుగువారు గలరు. వారెన్ని గంటలు పండుకొన్నను నిద్ర చాలదు.

పిల్లలయందు దీనికి ముఖ్యకారణము టాన్సిల్సును, ముక్కు వెనుకనుండు అడినాయిడ్లును పెరుగుట. ముక్కు గొంతుల అడ్డంకివలన పిల్లల చదువు మందగింపవచ్చునని విలియం హిల్ అను ఆంగ్ల వైద్యుఁడు 1889లోనే వ్రాసెను. బిడ్డ వారమున మూఁడు రాత్రులకు తక్కువ గాకుండ గురకపెట్టుట, నోరు తెఱచి మెడ వెనుకకు వాల్చి నిద్రించుట, మిక్కిలి పొరలుట, చెమర్చుట, మానిన పక్కతడుపు మరల మొదలగుట – ఇవి రాత్రి గుర్తులు. పగలు కొందఱు కునుకుదురు. పెక్కురు కునుకక చిఱచిఱలాడుచు, నిలుకడలేక, పాఠమున మనసు నిలుపలేక యుందురు. బక్కపలుచని బిడ్డకును ఇది రావచ్చును.

పెద్దలయందు గురక నడుమ నిశ్శబ్దము, పిదప ఉక్కిరిబిక్కిరియై లేచుట, ఉదయమున తలనొప్పి, నోరెండుట, పగలు కూర్చున్నచోటనే నిద్ర పట్టుట గుర్తులు. దీనివలన రక్తపుపోటు హెచ్చవచ్చును. బండి నడపువారికి ప్రాణాపాయమును గలదు. స్థూలకాయము, మద్యపానము, వెలికిల పండుకొనుట దీనిని హెచ్చించును.

గురకపెట్టు ప్రతివారికిని ఈ వ్యాధి యున్నదని భయపడరాదు. అయితే నిద్రించువాఁడు తన్నుఁ దాను చూచుకొనలేఁడు గనుక ఇంటివారే సాక్షులు. ఒక రాత్రి దీపము తగ్గించి, ప్రక్కను కూర్చుండి గమనింపుఁడు. ఊపిరి నిలిచిన యెడల ఎంతసేపు నిలిచెనో గడియారమున చూడుఁడు. ఫోనులో చిత్రించి వైద్యునికి చూపుఁడు. రాత్రి నిద్రను యంత్రములతో పరీక్షించి వ్యాధిని నిర్ధారణ చేయుదురు. పిల్లలకు తఱచుగా టాన్సిల్సును, అడినాయిడ్లును తీసివేయుటచే గుణము కనఁబడును. పెద్దలకు ముక్కుతొడుగుద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెఱచియుంచు యంత్రము గలదు. ఆస్ట్రేలియా వైద్యుఁడు కాలిన్ సల్లివన్ దీనిని 1981లో ప్రకటించెను. బరువు తగ్గుటయు మేలు చేయును.

మా బాలునికి శస్త్రచికిత్స జరిగెను. కొన్ని నెలలకు వాఁడు తరగతిలో చేయి యెత్తి ప్రశ్నలడుగ నారంభించెను. వానిని నిలువఁబెట్టిన దినము మాత్రము మేము మఱవలేదు. ఇప్పుడు కునుకు బాలుఁడెవఁడైన కనఁబడినచో, బెత్తము జోలికి పోక, "రాత్రి నీవెట్లు నిద్రించితివి?" యని వానిని, "గురకపెట్టునా?" యని వాని తల్లిని అడుగుచున్నాము.