ఆలస్యంగా పడే విద్య

మా తణుకు చుట్టుపక్కల అంతా చదును నేల. ఎత్తు అంటే వాటర్ ట్యాంకు, పంచదార ఫ్యాక్టరీ పొగగొట్టం, కోతలయ్యాక వేసే గడ్డిమేటు. చిన్నప్పుడు ఆ మేటెక్కి రెండు రకాలుగా దిగేవాళ్ళం. అంచు మీంచి గట్టినేల మీదికి దూకితే మడమలు అదిరి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఏటవాలు వైపు జారితే, ఎత్తు అదే అయినా, దురద తప్ప ఇంకేమీ ఉండేది కాదు. కాళ్ళకు స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకుని కొండ మీంచి గాల్లోకి దూకే స్కీ జంపింగ్‌కి మూలం ఈ తేడాయేనని జపాన్‌లో సప్పొరో వెళ్ళాక తెలిసింది.

ఒకురయామా అనే కొండవాలులో అక్కడి స్కీ జంప్ ఉంది. ఆసియాలో తొలి శీతాకాల ఒలింపిక్స్ 1972లో సప్పొరోలో జరిగినప్పుడు, పెద్ద జంప్ పోటీ పెట్టింది ఇక్కడే. పోలండ్ నుంచి వచ్చిన 19 ఏళ్ళ వొయ్‌చెక్ ఫోర్తునా మొదటి దూకుడులోనే 111 మీటర్లు వెళ్ళి బంగారు పతకం పట్టుకుపోయాడు.

కొండ కిందే ఒలింపిక్ మ్యూజియం. పాత స్కీలను అద్దాల వెనక చూడటంతో సరిపెట్టరు, ఆటల్ని మనచేతే ఆడిస్తారు. నేను జంప్ యంత్రం ఎక్కాను. రెండు పలకల మీద కాళ్ళు పెట్టి మోకాళ్ళు ముడిచి కూర్చుంటే, ఎదుటి పెద్ద తెర మీద దారి మన మీదికి దూసుకొస్తుంది. అంచు రాగానే లేవాలి. నేను లేచేసరికి అంచు దాటిపోయింది! అసలు జంప్‌లో అంచు దగ్గర వేగం గంటకు 90 కిలోమీటర్ల దాకా, అంటే సెకనుకు 25 మీటర్లు ఉంటుంది. సెకనులో పదోవంతు ఆలస్యమైతే రెండున్నర మీటర్లు దాటిపోయినట్టే.

ఆ అంచు పైకి లేచి ఉంటుందనుకున్నాను. కాదు, అదీ కిందికే, సుమారు 11 డిగ్రీలు వాలి ఉంటుంది. అక్కణ్ణుంచి ఆటగాడు పడుతూనే ఉంటాడు, కింద కొండ కూడా అతనితోపాటే దిగిపోతూ ఉంటుంది. అందుకే వంద మీటర్లు దాటినా నేలకు మరీ ఎత్తులో ఉండడు. వాలే చోట నేల ఏటవాలు 35 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అతని వేగంలో ఎక్కువ భాగం ఆ వాలు వెంబడే సాగిపోతుంది, నేలను గుద్దేది కొంచెమే. మా గడ్డిమేటు లెక్కే.

ఇక మిగిలింది గాలిని వాడుకోవడం. ఒకప్పుడు స్కీలను జంటగా, సమాంతరంగా పట్టేవారు. స్వీడన్ ఆటగాడు యాన్ బొక్లోవ్ 1980లలో ముందు కొసల్ని విడదీసి ‘వి’ ఆకారంలో పట్టాడు. వంకర పద్ధతని న్యాయనిర్ణేతలు మార్కులు కోశారు. అయినా 1988-89 ప్రపంచ కప్ అతనిదే. స్కీలు విడిపోతే మధ్యలో ఒంటికీ గాలి తగులుతుంది, మొత్తం ఒక వెడల్పాటి రెక్కలా పనిచేస్తుంది. పడటం ఆలస్యమవుతుంది, దూరం పెరుగుతుంది. ఇప్పుడు అందరిదీ ఆ పద్ధతే.

బయటికొచ్చి ఇద్దరు పట్టే కుర్చీ లిఫ్టులో పైకెక్కాను. వేసవి కాబట్టి మంచు లేదు. వాలే చోటంతా పచ్చటి ప్లాస్టిక్ పోచలు పరిచి, జారడానికి నీళ్ళు చిమ్ముతారు. పైనుంచి చూస్తే నారుమడిని ఎవరో పైకెత్తి కొండకి ఆనించినట్టుంది. కుర్రాడొకడు స్కీలు చప్పుడు చేసుకుంటూ అంచు దాటి, తీరిగ్గా పడి, ఒక మోకాలు వంచి ఆ తడి పచ్చదనంలో దిగాడు.